జావ ఊదే తల్లి



మా ఆడపడుచు కొడుకు ప్యారిస్ నుంచి వస్తూ నాకో పాత బొమ్మ తెచ్చిచ్చాడు. చూస్తే నల్ల సిరా గీతల చిన్న కాగితం. పల్లెటూరి తల్లి ఒకతె బిడ్డను ఒళ్లో పెట్టుకుని, చెంచాతో జావ తీసి, చల్లారడానికి నోటితో ఊదుతోంది. అంతే. ఇంట్లో ఖాళీ ఫ్రేము ఒకటి పడివుంటే, దానికి సరిపోయేట్టు అంచులు కత్తిరించమని పటాలు కట్టే అతనికి నేనే చెప్పాను. మరుసటేడు మేనల్లుడొచ్చి గోడవంక చూసి, "అత్తయ్యా, చుట్టూ నొక్కుడు గీత ఉండాలే, ఏదీ?" అన్నాడు. ఆ గీతతోబాటు బొమ్మ విలువలో పెద్ద భాగం చెత్తబుట్టలోకి పోయిందని అప్పుడుగాని తెలియలేదు.

ఈ బొమ్మ వేసినాయన మిల్లే. ఫ్రాన్సులో నార్మండీ ప్రాంతపు పల్లెలో రైతు కుటుంబంలో 1814లో పుట్టాడు. 1849 నుంచి బార్బిజాన్ అనే పల్లెలో కాపురముండి, 1875లో అక్కడే పోయాడు. తొమ్మిదిమంది పిల్లల తండ్రి. బిడ్డకు జావ పట్టడం ఆయన ఎక్కడో వెతికి చూడనక్కరలేదు కదా! 1861లో ఈ ఎచింగ్ ప్యారిస్‌లోని ఒక కళాపత్రికలో అచ్చయింది.

ఎచింగ్ అంటే ఏమిటంటారా? కళాయి లేని ఇత్తడిగిన్నెలో పులుసు నిలవుంచితే ఏమవుతుందో మనకు తెలుసు. పులుపు లోహాన్ని తింటుంది. ఇక్కడా అదే కిటుకు. నున్నటి రాగిరేకుమీద మైనంలాంటి పూత పూస్తారు. చిత్రకారుడు సూదితో ఆ పూతమీద బొమ్మ గీస్తాడు. రాగిని గీకడు, పూతను మాత్రమే తొలగిస్తాడు. తరవాత రేకును ఆమ్లంలో ముంచితే, పూత పోయినచోటల్లా ఆమ్లం రాగిని తిని సన్నని గాడి చేస్తుంది. ఎక్కువసేపు ఉంచితే గాడి లోతై, గీత నల్లగా వస్తుంది. ఆపైన పూత తుడిచేసి, గాడుల్లో సిరా నింపి, పైపైన సిరా తుడిచి, తడిపిన కాగితం పరిచి, ప్రెస్సులో గట్టిగా నొక్కుతారు. కాగితం గాడిలోకి దిగి సిరా లాక్కుంటుంది. బొమ్మ కుడిఎడమలు తారుమారై పడుతుంది. ఆ నొక్కుడుకే రేకు అంచు కాగితంమీద పల్లంగా గుర్తు పడుతుంది. నేను కత్తిరించిందదే!

కొనేవాళ్ళు మొట్టమొదట ఈ గుర్తునే చూస్తారు. ఐతే దొంగ గుర్తులు కూడా వేస్తారట, అంచేత ఒక్కదాన్నే నమ్మకూడదు. భూతద్దం పెట్టి చూడండి. గీతల బదులు వరసగా చుక్కలు కనిపిస్తే అది ఫోటో తీసి అచ్చేసిన నకలు. అసలైనదాంట్లో సిరా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. పెన్సిల్ సంతకం లేదని కంగారుపడనక్కరలేదు. ఆ అలవాటు ఈ బొమ్మ తరవాతే బాగా పెరిగింది. ఒకే రేకుమీద ఎన్నో ప్రతులు తీస్తారు గనుక, రేకు అరగకముందు తీసినవాటికి, అందులోనూ కింద అక్షరాలు చెక్కకముందు తీసినవాటికి, గిరాకీ ఎక్కువ. పత్రికలో వచ్చినవి అంత అరుదు కావు. పాతదనగానే లక్షలు పలుకుతుందనుకోకండి.

ఇక ఇంట్లో జాగ్రత్తలు. ఎండ తగిలితే కాగితం పసుపెక్కుతుంది. చెమ్మగోడకు తగిలిస్తే గోధుమరంగు మచ్చలు పడతాయి. వాటిని తడిగుడ్డతో తుడవబోకండి. జిగురుతో అట్టకు అంటించడం అన్నిటికన్నా తప్పు, మళ్ళీ ఊడిరాదు. ఆమ్లం లేని అట్ట పెట్టించి, అద్దం బొమ్మకు తగలకుండా మధ్యన ఖాళీ వదలమనండి. అలాంటి అట్ట దొరక్కపోతే, దొరికేదాకా బొమ్మను పటం కట్టించకుండానే ఉంచడం మేలు. వెనకవైపు ఏ ముద్రో, రాతో ఉంటే చెరపకండి.

నా బొమ్మను హాల్లోంచి తీసేసి, ఎండపడని పడకగది గోడకు మార్చాను. అంచులు పోతే పోయాయి, ఆ తల్లి ఇంకా ఊదుతూనే ఉంది, బిడ్డ ఇంకా నోరు తెరిచి ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది నాకు.