రోగి రక్తంలో దొరికిన దివిటీ

చలి తగిలితే చాలు, చేతివేళ్లు తెల్లగా పాలిపోతాయి. ఆపైన నీలంగా మారతాయి. కొన్నేళ్లకు వేళ్ల చర్మం బిగుసుకుపోయి పిడికిలి పట్టడమే కష్టమవుతుంది. అన్నం ముద్ద గొంతు దిగనంటుంది. ‘స్క్లీరోడెర్మా’ అనే ఈ జబ్బు ఎక్కువగా స్త్రీలను పీడిస్తుంది. జీవకణం రెండుగా చీలేటప్పుడు జరిగే కీలకమైన తతంగాన్ని శాస్త్రజ్ఞుల కళ్లకు కట్టించింది ఈ రోగుల రక్తమేనంటే చాలామంది నమ్మరు.

ఒంట్లో క్రిమి చొరబడితే రక్తంలో ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, పుట్టి దాన్ని పట్టుకుంటాయి. ప్రతిరక్షకానికి మెరిసే రంగు అంటిస్తే అది ఎక్కడ పట్టుకుందో కనిపిస్తుంది కదా అన్న ఆలోచన అమెరికాలో హార్వర్డ్‌కు చెందిన ఆల్బర్ట్ కూన్స్ అనే వైద్యునికి వచ్చింది. 1941లో ఆయన బృందం ఆ పని చేసి చూపింది. మొదట వాడిన రంగు నీలంగా మెరిసేది. కణజాలమూ స్వతహాగా నీలంగానే మెరవడంతో చిక్కొచ్చిపడింది. ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసీన్ ఆ ఇబ్బంది తీర్చింది.

స్క్లీరోడెర్మాలో ప్రతిరక్షకాలు సొంత కణాల మీదికే తిరగబడతాయి. గాజుపలక మీది కణాలపై రోగి రక్తరసం వేసి, కడిగి, మనిషి ప్రతిరక్షకాలను పట్టుకునే మరో రంగు ప్రతిరక్షకాన్ని వేస్తారు. మళ్లీ కడిగి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కడగడంలోనే ఉంది కిటుకంతా. అది సరిగా లేకపోతే అక్కర్లేనివన్నీ మెరుస్తాయి.

తొలిరోజుల్లో ఎలుక కాలేయపు ముక్కలు వాడేవారు. ఆ కణాలు విభజన చెందడం అరుదు. అందువల్ల కనిపించిన చుక్కలు ఏమిటో తేలేది కాదు. ప్రయోగశాలలో పెంచిన, చురుగ్గా చీలే మనిషి కణాలను వాడటంతో గుట్టు బయటపడింది. చీలబోయే కణంలో ఆ చుక్కలు బారులు తీరి, ప్రతి క్రోమోజోము నడుము దగ్గరా జంటగా నిలిచాయి. ఆ చోటే సెంట్రోమియర్. దారాల్లాంటి నాళికలు అక్కడ పట్టుకునే క్రోమోజోము జంటను చెరోవైపు లాగుతాయి. 1980లో ఎంగ్ టాన్ బృందం ఈ సంగతి ప్రకటించింది. 1985లో విలియం ఎర్న్‌షా, నవోమి రాత్‌ఫీల్డ్ ఇలాంటి రక్తరసాలతోనే మూడు ప్రొటీన్లను గుర్తించారు. వాటి పేర్లు సెన్‌ప్-ఎ, బి, సి. వీటిలో మొదటిది డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ల జాతిదని, సెంట్రోమియర్‌కు స్థలం ఖాయం చేసేది అదేనని తర్వాత తేలింది.

ఈ పంపకం తప్పితే ఒక పిల్లకణానికి ఎక్కువ, మరోదానికి తక్కువ. 21వ క్రోమోజోము ఒకటి అదనంగా వచ్చి, 46కు బదులు 47 ఉంటే బిడ్డ డౌన్ సిండ్రోమ్‌తో పుడుతుంది. క్యాన్సర్ కణాల్లో ఈ లెక్క తప్పడం మామూలే.

ఈ పరీక్ష నేడు హైదరాబాదు వంటి నగరాల్లోనూ చేస్తున్నారు. ఒక్కోసారి చర్మం బిగుసుకోవడానికి ఏళ్ల ముందే చుక్కలు కనిపిస్తాయి. అప్పుడు వైద్యులు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతోందేమోనని కనిపెట్టి ఉంటారు. జబ్బును పూర్తిగా నయం చేసే మందు మాత్రం ఇంకా రాలేదు. ఒళ్లు తన సెంట్రోమియర్ల మీదే ఎందుకు పగబడుతుందో శాస్త్రజ్ఞులకు ఇప్పటికీ అంతుపట్టలేదు.