మన గోదావరి లోయ రాక్షసబల్లి

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంకి వచ్చే పిల్లల్లో చాలామందికి డైనోసార్ అంటే సినిమాల్లో కోరలు చూపిస్తూ తరిమే టీరెక్సే. డైనోసారియం హాల్లో వాళ్లకు ఎదురయ్యేది మాత్రం ఆకులూ అలములూ మేసి బతికిన జీవి. పొడవాటి మెడ, బారెడు తోక, స్తంభాల్లాంటి నాలుగు కాళ్లు. పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. అమెరికా నుంచి తెప్పించిన నమూనా కాదిది. యామన్‌పల్లి మన ఊరే, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోది.

ప్రాణహిత-గోదావరి లోయలోని ఆ ఊరి దగ్గర 1970ల చివర్లో ఎముకలు బయటపడ్డాయి. దాదాపు 2,400 చదరపు మీటర్ల మేర తవ్వితే 840 భాగాలు దొరికాయి. అవి కనీసం పన్నెండు జంతువులవని తేలింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ (జీఎస్‌ఐ) శాస్త్రవేత్త పి.ఎం. యాదగిరి 1988లో వాటిని కొత్త జాతిగా ప్రకటించారు. ఇది సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి జీవి. భారీ శాకాహార డైనోసార్ల వంశంలో బాగా తొలి తరాలకు చెందింది.

ఈ అస్థిపంజరం ముందు నిలబడితే అందరి చూపూ తల మీదికే పోతుంది. కానీ ఆ తల ఊహించి చేసింది. అన్ని ఎముకల్లోనూ పుర్రె దొరకలేదు, రెండు పళ్లు తప్ప. పుర్రె ఎముకలు పలచన, మెడకు పట్టు తక్కువ. జంతువు చచ్చాక ముందు ఊడిపోయేది అదే. మ్యూజియంకి వెళ్లే అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే: పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. శాస్త్రవేత్తలకు ఏది దొరికింది, ఏది దొరకలేదు, దొరకనిదాన్ని ఎలా ఊహించారు అన్నది తెలిస్తేనే ఆ బొమికల్లోని అసలు కథ వాళ్లకు అందుతుంది.

తల వదిలేసి వెన్నుపూసలు చూడండి. తర్వాతి కాలపు మహాకాయుల వెన్నుపూసలకు పక్కల లోతైన గుంటలుండేవి. ఒళ్లు పెరిగినా బరువు మరీ పెరగకుండా కాపాడిన ఏర్పాటది. కోటాసారస్ పూసల్లో అంత పనితనం ఇంకా రాలేదు. డైనోసార్లు భారీ రూపానికి ఎలా ఎదిగాయో తెలుసుకోవాలనుకునే వాళ్లకు ఈ సాదా పూసలే విలువైన సాక్ష్యం.

కోటాసారస్‌కు చుట్టం కోల్‌కతాలో ఉంది. భారత గణాంక సంస్థ మ్యూజియంలో నిలబెట్టిన బారాపాసారస్ టాగోరీ కూడా ఇదే లోయలో, యామన్‌పల్లికి దక్షిణాన నలభై కిలోమీటర్ల దూరంలో దొరికింది. దానికీ పుర్రె లేదు. రవీంద్రుడి పేరు పెట్టుకున్న ఆ జీవి గురించి పుస్తకాల్లో కాస్తో కూస్తో చదువుతాం. యామన్‌పల్లి పేరు మాత్రం తెలుగు పిల్లల్లో ఎంతమంది విని ఉంటారు? మన పాఠాల్లో ఈ ఊరికి ఒక పేజీ దక్కాలి.

ఆ పేజీలో ఇంకో చిన్న జీవికీ చోటివ్వాలి. కోటాసారస్ ఎముకలున్న కోటా రాతి పొరల్లోనే దొరికిన పళ్లను పట్టి, 1984లోనే యాదగిరి ఇండోథీరియం ప్రాణహితై అనే తొలికాలపు క్షీరదాన్ని లోకానికి పరిచయం చేశారు. ఆ పళ్లు ఎంత చిన్నవంటే, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాల్సిందే. బారెడు తోకల రాక్షసబల్లులు మేసిన లోయలోనే మన క్షీరద వర్గానికి చెందిన ఆ బుల్లి ప్రాణులూ తిరిగాయి. కోటాసారస్ కాళ్ల దగ్గర నిలబడినప్పుడు పిల్లలకు వాటి ముచ్చటా చెప్పండి.