వార్తల్లో పదం: ఓనర్ ఫండింగ్

ఫుట్‌బాల్ క్లబ్బు ఖర్చులకు రాబడి చాలనప్పుడు యజమాని తన సొమ్ముతో లోటు పూడ్చడమే ఓనర్ ఫండింగ్. అప్పుగా ఇవ్వొచ్చు, కొత్త వాటాలు కొనొచ్చు.

తెలుగువారైన బండా వాసుదేవరావు నెలకొల్పిన కోళ్ల పరిశ్రమ సంస్థ వెంకీస్, 2010 నవంబరులో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను సుమారు 2.3 కోట్ల పౌండ్లకు కొంది. 1995లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మొదటి అంచె అయిన ప్రీమియర్ లీగ్ గెలిచిన ఆ క్లబ్బు 2012లో రెండో అంచెకు, 2017లో మూడో అంచెకు దిగజారింది. 2018లో మళ్లీ రెండో అంచెకు చేరింది. ప్రీమియర్ లీగ్ టీవీ రాబడి పోయాక లోటు భారమంతా యజమానిదే. భారత్ నుంచి డబ్బు పంపడానికి ఈమధ్య ఢిల్లీ హైకోర్టు అనుమతీ కావలసివచ్చింది.

మరి అమ్మేస్తే? ధర పడిపోయినప్పుడు రైతు ఆదోని మార్కెట్ యార్డు నుంచి పత్తిని వెనక్కి తెచ్చి దాచుకోవచ్చు. క్లబ్బుకు ఆ వీలు లేదు. ఆటగాళ్ల జీతాలు ఆగవు. పైగా కొనేవారు రేపటి రాబడికే వెల కడతారు, నిన్నటి ఖర్చుకు కాదు. 2022లో మరో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీని అమ్మినప్పుడు దాని యజమాని అబ్రమోవిచ్ తాను క్లబ్బుకిచ్చిన 150 కోట్ల పౌండ్ల అప్పు వదులుకున్నారు. కాబట్టి ఉంచుకోవాలా, అమ్మాలా అన్నది తేల్చాల్సింది ఇప్పటిదాకా పోసిన సొమ్ము కాదు, ఇకపై పోయాల్సిన సొమ్ము.