మా పెరటి ద్రాక్ష పందిరి

మైపాడు సముద్రపు గాలి తగిలే మా ఇందుకూరుపేటలో ద్రాక్ష పండుతుందా అని చాలామంది నవ్వారు. మాకు తెలిసినవి వరి, కొబ్బరి, రొయ్యల గుంటలు. ద్రాక్ష అంటే హైదరాబాదు చుట్టుపక్కల తోటల అనాబెషాహీయే గుర్తొస్తుంది. అయినా నాలుగేళ్ళ కిందట నర్సరీ నుంచి ఒక తీగ తెచ్చి పెరట్లో నాటాను.

ద్రాక్షకు మంచి ఎండ కావాలి, మొదట్లో నీళ్ళు నిలవకూడదు. ఇసుక నేల గనుక నీళ్ళు నిలిచే బాధ లేదు గానీ, ఉప్పదనం ఉన్న బోరు నీళ్ళు పోస్తే ఆకుల అంచులు మాడిపోయాయి. అప్పట్నుంచీ మంచినీళ్ళే పోస్తున్నాను. తీగను ఒకే కాండంగా పందిరి దాకా పాకించి, అక్కడ తల తుంచి, రెండు పక్కలా కొమ్మలు పరచాలి.

అసలు కిటుకంతా కత్తిరింపులోనే ఉంది. చలి దేశాల్లో తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది, ఏడాదికి ఒకసారి కత్తిరిస్తే చాలు. మన వేడికి దానికి నిద్రే ఉండదు. అందుకని రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒకటి రెండు కణుపులు ఉంచి కొట్టేస్తే, కొత్తగా వచ్చిన కొమ్మల్లో పూత మొగ్గలు తయారవుతాయి. వాటినే అక్టోబరులో అయిదారు కణుపుల మీద కత్తిరిస్తే గుత్తులు వేసి, వేసవి మొదట్లో పండుతాయి. పచ్చటి తీగకు కత్తెర పెట్టడానికి చేతులు రాక రెండేళ్ళు ఆకులే చూశాను!

అక్టోబరంటే మనకు వానలు. లేత ఆకు అడుగున తెల్లటి బూజు పట్టేస్తుంది. దీనికి బోర్డో మిశ్రమం చల్లాలి. లీటరు నీళ్ళకు 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం. రెంటినీ విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి కలిపి, ఆ రోజే చల్లెయ్యాలి. ఫ్రాన్సులో వైన్‌కు పేరుపడ్డ బోర్డో ప్రాంతంలో, బాటసారులు పళ్ళు కోసుకుపోకుండా దారి పక్క తీగలకు ఇలాంటి నీలం మందు పూసేవారట. ఆ తీగలకు తెగులు రాలేదని 1880లలో మిలార్డే అనే ఆచార్యుడు కనిపెట్టాడు.

నిరుడు మార్చిలో బుట్టెడు పళ్ళొచ్చాయి, కాస్త పులుపే. షర్బత్‌కని నలిపి, పంచదార కలిపి, జాడీలో పోసి పెళ్ళికి వెళ్ళాను. నాలుగో రోజు వచ్చేసరికి జాడీ బుసబుసమంటోంది, తొక్కలన్నీ పైకి తేలాయి. మా అమ్మ మూత తీసి వాసన చూసి, "ఇదేందే, మీ నాయన వాసన వస్తా ఉండాది" అంది.

వైన్ అంటే అదే మరి. గాలిలో, తొక్క మీద ఉండే ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. తొక్కలతో పులియబెడితే ఎర్ర వైన్, తెల్ల ద్రాక్ష రసం ఒక్కటే పులిస్తే తెల్ల వైన్. గాలి తగులుతూ ఉంటే వెనిగర్ అయిపోతుంది. రసంలో వందకు 20 పాళ్ళు చక్కెర ఉంటే ఆల్కహాలు 11 పాళ్ళ దాకా వస్తుంది. ఇంట్లో చేసిందేగా, మత్తుండదు అనుకోవద్దు. పైగా లైసెన్సు లేకుండా చేయడం నేరం.

నాయన కూలి డబ్బులు సారా అంగడికే పోయేవి. 1992లో మన జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రోశమ్మతో కలిసి సారా మీద తిరగబడినప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా ఊరి ఆడవాళ్ళతో అమ్మా వెళ్ళింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధించారు. అలాంటి అమ్మ ముందు ఆ జాడీ ఎలా ఉంచను? కాలవలో పారబోశాను.

ఇప్పుడు కోసిన రోజే రసం తీస్తున్నాను. కిలో పళ్ళు కడిగి, అరగ్లాసు నీళ్ళతో సన్నసెగ మీద తొక్క పగిలేదాకా వేడి చెయ్యాలి, తెర్లనివ్వకూడదు. మెదిపి, పల్చటి గుడ్డలో వడకట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. అడుగున ఇసుకలా పేరుకునేది ద్రాక్ష పులుపే, భయం లేదు. పైన తేట వంచుకుని, రుచికి పంచదార కలిపి, నాలుగు రోజుల్లో తాగెయ్యాలి. అమ్మ మాత్రం ఇప్పటికీ గ్లాసు చేతికివ్వగానే ముందు వాసన చూస్తుంది.