నిద్రయెఱుగని కర్ణధారుడు

పోర్చుగల్ దేశమునకు చెందిన అజోర్స్ ద్వీపములు తొమ్మిదియు అట్లాంటిక్ మహాసముద్ర మధ్యమున నున్నవి. ఇంగ్లండునందలి ఫాల్మౌత్ రేవునుండి ఆ దీవులలోని పోంటా డెల్గాడాకు పోయి మరల ఫాల్మౌత్ చేరవలసిన తెరచాప పడవల పందెము 1975లో ఆరంభమైనది. పోవుటకు సుమారు 1,200 నాటికల్ మైళ్ళు, వచ్చుటకు నంతే. పడవలో నుండువారు ఒక్కరు, లేదా ఇద్దరు. ఇట్టి యాత్రకు ఆయత్తపడువారు మంచినీరు, ఆహారము, దీపములు, ప్రాణరక్షణకు తెప్ప మున్నగువానిని శ్రద్ధతో సమకూర్చుకొందురు. కాని ఒంటరి నావికునికి వీనియన్నింటికంటె ముందు తేలవలసిన ప్రశ్న యొకటి కలదు: అతడు నిద్రించునపుడు చుక్కానిని పట్టునదెవరు?

1936లో మరేన్-మరీ యను ఫ్రెంచి చిత్రకారుడు మోటారు పడవలో ఒంటరిగా అట్లాంటిక్ దాటుచు, గాలిపలకచేత చుక్కానిని త్రిప్పించెను. ఆ భావమునకు దృఢరూపము నొసగినవాడు, 1942లో చిన్న తెడ్డుపడవలతో బోర్డో రేవుపై దాడి నడపిన బ్రిటిష్ సైనికాధికారి హాస్లర్. ఆయన సంకల్పముననే 1960 జూన్‌లో ప్లిమత్ నుండి న్యూయార్కుకు ఒంటరి నావికుల పందెము జరిగినది. పడవలు ఐదే. చిచెస్టర్ అను నావికుడు 40 దినములలో గెలిచెను. ఇరువది యైదడుగుల ‘జెస్టర్’లో చీనా తెరచాపతో హాస్లర్ 48 దినములలో రెండవవాడుగా చేరెను. చుక్కానిని త్రిప్పు తన గాలియంత్రమునకు చిచెస్టర్ ‘మిరాండా’ యని ముద్దుపేరు పెట్టుకొనెను.

హాస్లర్ అభివృద్ధిపరచిన లోలకపద్ధతిలోని యుక్తి అత్యంత రమణీయమైనది. పడవ సరియైన దారిలో నున్నంతవఱకు పలుచని గాలిపలక తన అంచును గాలికి ఎదురొడ్డి నిశ్చలముగా నిలుచును. పడవ ఏమాత్రము ప్రక్కకు తొలగినను గాలి పలక ముఖమును తాకి దానిని వాల్చును. ఆ వాలు, పడవ వెనుక నీటిలో వ్రేలాడు తెడ్డును కొద్దిగా మెలిత్రిప్పును. వేగముగా పాఱు నీరు ఆ తెడ్డును ప్రక్కకు నెట్టివేయగా, దానికి కట్టిన త్రాళ్ళు చుక్కాని పిడిని లాగి పడవను మరల దారికి తెచ్చును. గాలి ఆజ్ఞ నిచ్చుటయే గాని, బలము నిచ్చునది సముద్రమే. పడవ వేగము రెట్టింపైన, నీటి ఒత్తిడి ఇంచుమించు నాలుగు రెట్లగును. విద్యుత్తుతో నిమిత్తమే లేదు.

దీనికి పరిమితులును గలవు. ఇది గాలిని అనుసరించునే గాని దిక్సూచిని కాదు. రాత్రి గాలి దిక్కు మాఱిన, నిద్రితునితో సహా పడవయు దిక్కు మాఱును. గాలి వెనుకనుండి వీచునపుడు పడవమీద దాని వేగము తగ్గి, పలక మందగించును. పలక విఱుగుటయు, త్రాళ్ళు తెగుటయు కలుగవచ్చును గనుక అదనపు పలకను, త్రాళ్ళను వెంటగొనుట తప్పనిసరి.

1968–69లో ఎక్కడను ఆగక 312 దినములలో ఒంటరిగా భూప్రదక్షిణము గావించిన నాక్స్-జాన్‌స్టన్ అను నావికుని గాలియంత్రము నడిదారిలో విఱిగిపోగా, తెరచాపల అమరికచేతనే ఆయన తన పడవను దారిలో నిలుపుకొనెను. కనుక పందెమునకు బయలుదేఱు నావికుడు, ఈ యంత్రమును బిగించుటకు ముందే, అది లేకుండ పడవను నడపు విద్యను తన తీరమునందే అభ్యసింపవలెను.