పని చెప్పుటయు ఒక పనియే

ఒక సంస్థ తన పనులన్నింటిని తన జీతగాండ్ర చేతనే చేయించుకొను కాలము క్రమముగా వెనుకబడుచున్నది. ప్రకటన వ్రాయుటకు ఒకరు, బొమ్మ గీయుటకు ఒకరు, అనువదించుటకు మరియొకరు. ఇట్లు పనికొకరిని బయటినుండి పిలిచి, పని ముగిసిన పిదప డబ్బిచ్చి పంపుట నేడు సర్వసాధారణమైనది. ఏ సంస్థకును ఉద్యోగి కాక, చేసిన పనిని బట్టి ప్రతిఫలము పొందు ఇట్టివారిని ఫ్రీలాన్సర్లు అందురు. ఉర్దూ, తెలుగు రెండును చక్కగా వచ్చిన మా విద్యార్థులలో పలువురు చదువు ముగియక మునుపే ఈ మార్గమున నాలుగు డబ్బులు సంపాదించుకొనుచున్నారు. వాణిజ్యశాస్త్రము చదువుచున్నవారిలో కొందరు రేపు సంస్థలలో కూర్చుండి, ఇట్టి పనులను ఇతరులకు అప్పగించెదరు. కనుక ఈ వ్యాసము ఉభయులకును ఉపయోగపడునని తలచుచున్నాము.

సంస్థకును ఫ్రీలాన్సరుకును మధ్య వచ్చు తగవులలో పెక్కింటికి కారణము పని చేతకాకపోవుట కాదు, పని చెప్పుట చేతకాకపోవుట. కార్యాలయములోని ఉద్యోగికి సందేహము కలిగినచో ప్రక్క బల్లవానిని అడుగును, నిరుటి కాగితములు తిరగవేయును, పై అధికారి ముఖము చూచియే సగము గ్రహించును. బయటివానికి ఈ సౌకర్యములేవియు లేవు. వాని చేతికి వచ్చిన కాగితమే వానికి కార్యాలయము. ఆ కాగితమునే ఆంగ్లమున బ్రీఫ్ అందురు; మనము పని వివరణ పత్రము అనుకొందము.

మాటలోని అస్పష్టత ఎంతటి చేటు తెచ్చునో మన చట్టమే చెప్పుచున్నది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 29వ సెక్షను ప్రకారము, అర్థము నిశ్చయము కాని, నిశ్చయింప వీలు లేని ఒప్పందము చెల్లదు. అందులోని ఉదాహరణము ముచ్చటైనది. ఒకడు మరియొకనికి నూరు టన్నుల నూనె అమ్మెదనని ఒప్పుకొనెను. ఏ నూనెయో తెలుపు ఆధారమేమియు లేదు. ఆ ఒప్పందము చెల్లదు. కాని ఆ అమ్మువాడు కొబ్బరినూనె వర్తకము మాత్రమే చేయువాడైనచో చెల్లును, ఏలయన వాని వ్యాపారమే ఆ నూనె ఏదో చెప్పుచున్నది. శతాబ్దమున్నర గడచినను, నేడు వాట్సాప్‌లో వచ్చు పనులలో అధికభాగము ఈ 'ఏ నూనె' జాతికి చెందినవే.

ఒక ఉదాహరణము తీసికొందము. ఇంటివద్దనే రక్తములోని చక్కెరను కొలుచుకొను చిన్న యంత్రమును అమ్ము ఒక సంస్థ, దాని వాడుక పత్రమును తెలుగులోనికిని ఉర్దూలోనికిని అనువదింపజేయ దలచినదనుకొందము. 'జతపరచిన పత్రమును రెండు భాషలలోనికి మార్చి సోమవారమునకు పంపగలరు' అని ఒక వాక్యము వ్రాసి ఊరకుండును. సంస్థ దృష్టిలో ఇందులో లోటు లేదు. అనువాదకుని దృష్టిలో మాత్రము గుడ్డెద్దు చేలో పడినట్లే.

ఆంగ్లపత్రములో 'ఫాస్టింగ్' అను మాట ఉండును. నిఘంటువు చూచినచో ఉపవాసము అనియు, రోజా అనియు దొరకును. వైద్యుని ఉద్దేశము అది కాదు. కనీసము ఎనిమిది గంటలు నీరు తప్ప మరేమియు తీసికొనక రక్తము పరీక్షించుకొనవలెనని. ఏకాదశి ఉపవాసమునాడు పాలు, పండ్లు పుచ్చుకొనువారు కలరు. రంజానులో తెల్లవారుజామున సహరీ భుజించి, ఏడు గంటలకు సూదితో వ్రేలు పొడుచుకొని, 'రోజాలోనే ఉన్నాను గదా' అనుకొను వృద్ధులును ఉండగలరు. తిని రెండు గంటలైనను కాలేదు. యంత్రము చూపు అంకె నిజమే, దానికి వారు చెప్పుకొను అర్థము తప్పు. ఆ అంకెను నమ్మి మాత్రల మోతాదు తామే మార్చుకొన్నచో జరుగు అనర్థమును వేరుగా వర్ణింపనక్కరలేదు. తెలుగున 'పరగడుపున', ఉర్దూలో 'నహార్ మూహ్' అనినచో చిక్కు చాలవరకు తీరును. ఎనిమిది గంటల మాట కూడ చేర్చినచో పూర్తిగా తీరును. అయితే ఆ పత్రమును చదువువారు వైద్యులా, దుకాణదారులా, ఇంటిలోని రోగులా అను సంగతి అనువాదకునికి ఎవరు చెప్పవలెను?

జర్మను పండితుడు హాన్స్ వెర్మెయర్ 1978లో ప్రతిపాదించిన సిద్ధాంతము యొక్క సారము ఇదియే: అనువాదము ఏ ప్రయోజనమునకై ఉద్దేశింపబడినదో ఆ ప్రయోజనమే దాని రూపమును నిర్ణయించును. పిదప క్రిస్టియానె నోర్డ్ అను విదుషి, పని అప్పగించువారి ఆదేశములోనే ఆ ప్రయోజనము తెలియవలెనని బోధించినది. కావున పని వివరణ పత్రములో మొట్టమొదట వ్రాయవలసినది పుటల సంఖ్య కాదు, గడువు కాదు. దీనిని ఎవరు చదువుదురు, చదివి ఏమి చేయవలెను అను రెండు సంగతులు. 'అరువది ఏండ్లు దాటిన రోగి, ఒంటరిగా, ఎవరి సహాయము లేక పరీక్ష చేసికొనగలుగవలెను' అని ఒక్క వాక్యము వ్రాసినచో, మాటల ఎంపిక మొదలు అక్షరముల పరిమాణము వరకు ఎన్నియో ప్రశ్నలు వాటంతట అవే తొలగును. ఏ దేశములో అమ్ముదురో కూడ చెప్పవలెను. మన దేశములో డెసిలీటరునకు మిల్లీగ్రాములలో 126 అని చూపు కొలతనే బ్రిటనులో మిల్లీమోలులలో 7 అని చూపుదురు.

రెండవ సంగతి, చేతికి ఏమి అందవలెను అనునది. 'అనువాదము' అనుట చాలదు. తెలుగు పాఠము ఏ కంప్యూటరులోనైనను తెరచుకొను యూనికోడ్‌లో కావలెనా, ముద్రణాలయము వాడు పాత ఫాంటులో కావలెనా? ఉర్దూకు ఇన్‌పేజ్ ఫైలు కావలెనా, యూనికోడ్ పాఠము కావలెనా? నస్తాలీఖ్ లిపియా, నస్ఖ్ లిపియా? నస్తాలీఖ్ వాలుగా దిగు లిపి, పంక్తికి ఎక్కువ ఎత్తు కోరును. తెలుగునకు వత్తులున్నవి, పంక్తులు ఇరుకైనచో పై వత్తు క్రింది గుడిని తాకును. ఆంగ్లమునకు సరిపోయిన కాగితము ఈ రెండింటికిని సరిపోవునను హామీ లేదు. ఉర్దూ కుడినుండి ఎడమకు నడచును గనుక, యంత్రము వాడు విధమును చూపు బొమ్మల వరుస కూడ త్రిప్పవలసి వచ్చును. ఆ పని అనువాదకునిదా, పుటలు కూర్చువానిదా? ఈ ఒక్క ప్రశ్న ముందుగా తేల్చనందున ఆగిపోయిన పనులను మేము ఎరుగుదుము.

ప్రతిఫలమును మాటల లెక్కన ఇచ్చు ఆచారము కలదు. ఏ భాష మాటలు? ఆంగ్లమున మూడు మాటలుగా చెప్పునది ఉర్దూలో 'ఘర్ మేఁ' అని రెండు మాటలగును, తెలుగున 'ఇంటిలో' అని ఒక్కటియే. విభక్తులను తనలో కలుపుకొను భాష మనది. అనువాదములోని మాటలను లెక్కించినచో, ఒకే పత్రమునకు ఉర్దూవానికంటె తెలుగువానికి తక్కువ ముట్టును. భాషకు గల సౌష్ఠవమునకు ఇది విచిత్రమైన జరిమానా! మూలములోని మాటలను లెక్కించెదమని పత్రములో వ్రాసినచో ఇద్దరికిని సమానమగును.

ఇక అంగీకారము. పని బాగున్నదని ఎవరు తేల్చెదరు? అనువాద సేవలకై 2015లో వెలువడిన ఐఎస్ఓ 17100 ప్రమాణము, అనువాదకుడు కాక మరియొక వ్యక్తి మూలముతో పోల్చి సరిచూడవలెనని కోరుచున్నది. ఆ రెండవ వ్యక్తి ఎవరో, ఎన్నిమార్లు దిద్దుబాట్లు కోరవచ్చునో ముందే నిర్ణయింపవలెను. తప్పు దిద్దుట వేరు, సంస్థ మనసు మార్చుకొనుట వేరు. మొదటిది అనువాదకుని బాధ్యత, రెండవది క్రొత్త పని, దానికి క్రొత్త ప్రతిఫలము. నలుగురు అధికారులు నాలుగు విధముల సలహాలు పంపుటకంటె, ఒక్కరి పేరు వ్రాసి వారి మాటయే చెల్లునని చెప్పుట మేలు.

డబ్బు విషయమున మనవారికి మొగమాటమెక్కువ. చట్టమునకు ఆ మొగమాటము లేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము క్రింద సూక్ష్మ సంస్థగా ఉద్యమ్ నమోదు పొందిన ఫ్రీలాన్సరు పని అందజేసిన 15 దినములలో కొనుగోలుదారు వ్రాతపూర్వకముగా ఆక్షేపింపనిచో, దానిని అంగీకరించినట్లే భావింతురు. ఒప్పందములో ఏమి వ్రాసికొన్నను చెల్లింపు గడువు 45 దినములు మించరాదు. మించినచో వడ్డీ పడును. హక్కుల సంగతియు ఇట్టిదే. 1957 నాటి కాపీరైటు చట్టమును బట్టి, జీతగాడు వ్రాసినది సాధారణముగా యజమానిది. బయటివాడు వ్రాసినది, వ్రాతపూర్వకముగా బదిలీ చేయువరకు వానిదే. బదిలీ పత్రములో కాలము పేర్కొననిచో అయిదేండ్లకే, ప్రాంతము పేర్కొననిచో భారతదేశమునకే అది పరిమితమని చట్టము భావించును. ఇది తెలియక, ఎల్లకాలమునకు కొన్నామనుకొను సంస్థలు లేకపోలేదు.

ఇన్నియు చెప్పవలెనన్నచో పత్రము ఉద్గ్రంథమగునేమో యని కొందరు శంకింతురు. అట్లేమియు లేదు, ఒక పుట చాలును. నిడివి పెరుగునది చెప్పనక్కరలేనివి చెప్పినప్పుడే. సంస్థ చరిత్ర, వ్యవస్థాపకుల దూరదృష్టి, 'ఆకర్షణీయముగా, వినూత్నముగా ఉండవలెను' వంటి విశేషణములు తీసివేయవచ్చును. ఏ వాక్యమును ఎట్లు విరువవలెనో చెప్పుటయు అనవసరము. అది తెలిసినవాడనియే గదా పిలిచినది. దానికి బదులు, సంస్థకు నచ్చిన పాత అనువాదము ఒకటి జతపరచి, ఇట్లుండవలెనని చూపినచో పది విశేషణముల పని చేయును.

మరి విద్యార్థికి ఆ ఒక్క వాక్యపు ఉత్తరువే వచ్చినచో? వెంటనే పనిలోనికి దిగరాదు. చదువరి ఎవరు, ఏ రూపమున అందజేయవలెను, లెక్క ఏ భాషది, సరిచూచువారెవరు, డబ్బు ఏనాడు అను అయిదింటికి తనకు తోచిన సమాధానములు తానే వ్రాసి, 'మేము గ్రహించినది ఇది. సరియేనని వ్రాతలో తెలిపిన పిదప ఆరంభింతుము' అని తిరిగి పంపవలెను. జవాబు వచ్చువరకు గడువు దినములు లెక్కకు రావని కూడ అందులోనే ఒక పంక్తి చేర్చవలెను.