పాటకు వచ్చిన ఇల్లు

మిరపకాయల బస్తా వెల మా ప్రాంతపు రైతు చేతబట్టి చెప్పగలడు. రంగు చూచి, తొడిమ విరిచి, గింజల గలగల విని, గుంటూరు యార్డులో అది యెంత పలుకునో యింటివద్దనే అంచనా వేయును. ప్రత్తి సంగతియు నంతే. కాని తాను పుట్టి పెరిగిన యింటి వెల యెంతయని యడుగుడు, తెల్లబోవును. ఏటేట అమ్మెడి వస్తువునకు వెల తెలియును. జన్మమున కొక్కమారు అమ్మెడి దానికి ఎట్లు తెలియును?

తుళ్లూరులో మా తండ్రిగారి యిల్లు ఆరు సెంట్లలో నున్నది. సెంటునకు 48.4 చదరపు గజముల చొప్పున 290.4 గజములు. వారసులము ముగ్గురము. నేను ఉద్యోగరీత్యా గుంటూరులో స్థిరపడితిని. చెల్లెలు తెనాలిలో నున్నది. తమ్ముడు మాత్రము ఆ యింటనే కాపురముండెను. పొలముల విషయమున మాకు తగవు రాలేదు. 2015లో రాజధాని కొరకు జరిగిన భూసమీకరణలో అవి చేరి, వానికి బదులు కాగితముపై ప్లాట్లు వచ్చినవి. కాగితమును పంచుకొనుట సులభము. గ్రామకంఠములోని యిండ్లు సమీకరణకు వెలుపల మిగిలినవి. చిక్కు అచ్చటనే వచ్చినది.

ఆరు సెంట్లను మూడుచే భాగింప రెండేసి సెంట్లు వచ్చును. కాని నట్టిల్లు ఒకటి, వంటయిల్లు ఒకటి, నూయి యొకటి. లెక్కకు తెగినది గోడకు తెగలేదు. ఇట్టి సందర్భముల కొరకే 1893 నాటి విభజన చట్టమున్నది. పంచుటకు వీలుగాని యాస్తిని, సగమునకు తగ్గని వాటాగల వారు కోరినచో, న్యాయస్థానము అమ్మించి సొమ్ము పంచవచ్చును. అట్లు అమ్మకము కోరినవారి వాటాను మదింపు వెలకు తామే కొందుమని తక్కిన వాటాదారులు అడుగవచ్చును. ఇక ఆడుబిడ్డల మాట. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 23వ విభాగము ప్రకారము, మగవారసులు పంచుకొన దలచువరకు కూతురు నివాసగృహమును పంచుమని కోరజాలదు. 2005 సవరణ ఆ యడ్డంకిని తొలగించినది. కావున మా చెల్లెలు కూర్చున్నది అతిథిగా కాదు, హక్కుదారుగానే.

వెల కట్టుటకు మూడు త్రోవలు. రిజిస్ట్రారు కార్యాలయములో గజమున కింతయని వ్రాసియుంచిన వెల మొదటిది. అది స్టాంపు సుంకమునకు ఆధారమే కాని బేరమునకు కాదు. ఇరుగుపొరుగు అమ్మకముల దస్తావేజులు రెండవది. తుళ్లూరులో ఈ కొలబద్ద నిలుకడ లేనిది. 2014లో రాజధాని మాట వచ్చినది; 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినది; 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చినది; 2024లో ప్రభుత్వము మారి పనులు మరల కదలినవి. ఏ యేటి దస్తావేజు చూపినను అది ఆ యేటి ఆశకో నిరాశకో కట్టిన వెల. మూడవది ఇంజనీరు మదింపు: స్థలము వేరు, కట్టడము వేరు, కట్టడమునకు వయస్సును బట్టి తరుగు తీయుదురు. మా తాతగారు చేయించిన టేకు ద్వారబంధములు అందులో వట్టి కలపగా లెక్కకు వచ్చినవి.

తమ్ముడు మొదటి త్రోవ న్యాయమనెను. చెల్లెలు మూడవది యనెను. నేను గిరాకి మిక్కిలిగా నున్న యేటి దస్తావేజు నొకటి వెదకి తెచ్చితిని. ఎవరి అంచనా వారి అవసరమునకు సరిపోయినది.

న్యాయస్థానము ద్వారా అమ్మకమైనచో చాటింపు, పాట ముగియగానే నాలుగవవంతు డిపాజిటు, పదునైదు దినములలో తక్కిన సొమ్ము, పైవాడెవడో కొనిపోవుట. అది వలదని మాలో మేమే పాట పెట్టుకొంటిమి. ఇంజనీరు అంకెయే సర్కారువారి పాట. గెలిచినవారు తక్కిన యిద్దరికి చెరి మూడవవంతు చెల్లింపవలెను. మేనమామగారు పాట నడిపిరి.

ఈ లెక్కలో నొక మెలిక యున్నది. పాట లక్ష పెరిగినచో, కొన్నవానికి పైబడునది 66,667 రూపాయలు. కొననివారికి చెరి 33,333 వచ్చును. కనుక ఇల్లక్కరలేనివానికి పాట పెంచుటయే లాభము. వేలమున పలుకుటను మనవారు పాట యనిరి. ఇందు శ్రుతి తప్పుట బహు తేలిక.

చెల్లెలు ఒక్కమారు పాడి, "నాకు చాలు అన్నయ్యా" అని మానుకొనెను. నాకు ఇల్లక్కరలేదు. అయినను రెండుమారులు పెంచితిని. రెండవమారు తమ్ముడు మారుపలుకలేదు. నావంక చూచి తలవంచుకొనెను. మామగారు "ఒకటోసారి" అనిరి. "రెండోసారి" అనిరి. మూడవది వినబడినచో ఇల్లు నాది. తమ్ముని సామాను వీథిలో నుండును. నా నోరెండిపోయినది. అంతలో తమ్ముడు మరి పదివేలు చేర్చెను.

ఇల్లు వానికే దక్కినది. సొమ్ము కొరకు అప్పు చేసెనని పిదప తెలిసినది. నేను పెంచిన దానిలో నా వంతు నాకు ముట్టినది. దానిని ఇంతవరకు ముట్టుకొనలేదు. తిరిగి యియ్యబోగా వాడు పుచ్చుకొనలేదు.

ఇట్టి స్థితిలో నున్న పాఠకులకు నేను చెప్పదగినది ఒక్కటే. ఆ యింట కాపురమున్న వాటాదారు కొనదలచినచో, ముందు మదింపు వేయించి ఆ వెలకే అడుగుడు. ఇద్దరు నిజముగా కోరినప్పుడే పాట పెట్టుడు. ఇల్లు కోరనివాడు పాటలో నోరు విప్పరాదు.